సైంటిస్టయిన మా పిల్లాడు ఎవరివాడు?

జహీరాబాదులో మా పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే జవాబులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బొంబాయి రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు, పంక్చరు దుకాణం, లారీ స్టీరింగు, ఆటో, మండీలో హమాలీ పని. కాస్త చదివితే ఉర్దూ మీడియం బళ్లో టీచరు. ఇంకాస్త చదివితే హైదరాబాదులో కంప్యూటరు నౌకరీ. పాస్‌పోర్టు చేతికొస్తే జెద్దా, దుబాయి. డాక్టరు కావాలని కలగనే ఇళ్లూ ఉన్నాయి, కాదనం. కానీ థియరిటికల్ ఫిజిక్సు చదువుతానన్న పిల్లాడు ఎదురైతే మా పెద్దలకు నోట మాట రాదు. అది ఏ బజారులో అమ్ముడుపోయే సరుకో మాకు తెలియదు.

"చదివి ఏం చేస్తావు బేటా?" అని అడుగుతారు. "లెక్కలు చేస్తా అబ్బా" అంటాడు. ఎన్నేళ్లు? పన్నెండేళ్లు పట్టొచ్చు. ఆ తర్వాత? నౌకరీ దొరికితే దొరుకుతుంది. ఇది ఫలానా ఇంట్లో జరిగిన సంభాషణ అని మేం చెప్పడం లేదు. జరిగితే ఇలాగే జరుగుతుందంటున్నాం. నోటిదాకా రాకుండానే ఆగిపోయినవి ఎన్నో ఏ సర్వేకీ దొరకవు.

ఇక్కడ మేం తేల్చుకోవాలనుకుంటున్నవి రెండు. పూట గడవడమే గగనమైన ఖౌముకు, తన పిల్లల్లో ఒకణ్ణి ఎవరికీ కనిపించని ఆలోచనకు వదిలిపెట్టే హక్కు ఉందా? ఒకవేళ వదిలిపెడితే, వాడు పైకొచ్చాక ఎవరివాడు? మావాడా, దేశానివాడా, శాస్త్రానివాడా?

మొదట దారి సంగతి. మా ఊరి నుంచి హైదరాబాదు బస్సెక్కితే సంగారెడ్డి దాటాక కంది దగ్గర ఐ.ఐ.టి. కనబడుతుంది. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్సు ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై తర్వాత అక్కడికి మారింది. మా బస్సులు రోజూ దాని ముందు నుంచే పోతాయి. బస్సు లోపలివాళ్లకీ గేటు లోపలివాళ్లకీ మధ్య దూరం మాత్రం కిలోమీటర్లలో కొలిచేది కాదు. 2006లో సచార్ కమిటీ పేరున్న కాలేజీల లెక్క తీసింది. డిగ్రీలో పాతిక మందికి ఒకరు, పీజీలో యాభై మందికి ఒకరు ముస్లిం అని తేలింది. 2001 జనాభా లెక్కల్లో మేం నూటికి 13 మందికి పైనే ఉన్నాం. పాతికకు ఒకరన్న మాట అందరూ ఉదహరిస్తారు. మా కన్ను మాత్రం పాతిక యాభై అయిన చోట నిలిచింది. ఒక్క మెట్టు ఎక్కేసరికి మా వంతు సగానికి పడిపోయింది. సిద్ధాంత భౌతిక శాస్త్రంలో బతుకు మొదలయ్యేదే ఆ మెట్టు పైన.

సిద్ధాంతానికి ఖర్చు లేదంటారు. ప్రయోగశాల అక్కర్లేదు, కాగితం కలం ఉంటే చాలు. అబ్దుస్ సలాం 1964లో ఇటలీలోని ట్రియెస్టె పట్టణంలో భౌతిక శాస్త్ర కేంద్రం నెలకొల్పింది పేద దేశాల శాస్త్రవేత్తల కోసమే. కోట్ల యంత్రాలు కొనలేని దేశం కూడా సిద్ధాంతంలో తలెత్తుకుని నిలబడగలదన్న నమ్మకం దాని వెనక ఉంది. ఆ నమ్మకం మీద మాకు గౌరవం ఉంది. కానీ ఒక ఖర్చు అందులో పద్దు కాలేదు. అది వ్యవధి. డిగ్రీ, ఎమ్మెస్సీ కలిపి ఐదేళ్లు. ఆపైన నెట్టో గేటో గట్టెక్కాలి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు. తర్వాత పోస్ట్‌డాక్ అని రెండేళ్లకొక ఊరు, రెండేళ్లకొక దేశం. అన్నీ కలిసొస్తే ముప్పై మూడు, ముప్పై నాలుగో ఏట పర్మనెంటు ఉద్యోగం. ఆ వయసుకి మా బస్తీలో మనిషి ముగ్గురు పిల్లల తండ్రి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి అప్పులు సగం తీర్చినవాడు.

2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చి ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు చేశారు. మంచిదే, దొరికినవాళ్లకి. దొరకనివాళ్లలో మైనారిటీ పిల్లలను కొంతవరకు ఆదుకున్నది 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్. ఇతర పథకాలతో కలిసిపోతోంది కాబట్టి ఆపేస్తున్నామని 2022 డిసెంబరులో ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఆ మరుసటి ఏడాది, 2023 ఏప్రిల్‌లో, అదే ప్రభుత్వం జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003 కోట్ల పైచిలుకు మంజూరు చేసింది. ఒకటి ఆపి ఆ డబ్బు ఇంకోదానికి పెట్టారని మేం అనడం లేదు, అది వేరే పద్దు ఇది వేరే పద్దు. రెండు పద్దులూ రాసిన చేయి ఒకటేనని మాత్రం అంటున్నాం. కంప్యూటింగు, కమ్యూనికేషను, సెన్సింగు, పదార్థాలు అని నాలుగు విభాగాలు చేసి బెంగళూరు, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ సంస్థలకు అప్పగించారు. అమరావతిలో 156 క్యూబిట్ల యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు. యంత్రం కొనొచ్చు. దాని ముందు కూర్చుని అది చేసే పనికి గణితం రాసేవాణ్ణి టెండరు పిలిచి తెచ్చుకోలేరు. వాడు పదిహేనేళ్ల ముందు ఏదో ఒక జహీరాబాదులో పదో తరగతి చదువుతూ ఉండాలి.

ఇక హక్కు సంగతి. హైసెన్‌బర్గ్ 1925లో క్వాంటం మెకానిక్స్‌కు పునాది వేసినప్పుడు అది దేనికి పనికొస్తుందని అడిగితే చెప్పగలిగినవాడు లేడు. ట్రాన్సిస్టరు 1947లో వచ్చింది, లేజరు 1960లో. ఇవాళ మా పిల్లల చేతిలో ఉన్న సెల్‌ఫోను ఆ పనికిరాని ఆలోచన మనవడే. అయితే మేం ఈ వాదన మీద ఎక్కువ బరువు పెట్టదలుచుకోలేదు. ఏదో ఒకనాడు పనికొస్తుంది కాబట్టి చదవనివ్వండి అని బతిమాలుకున్నట్టుంటుంది. దొరల ఇంట్లో పిల్లాడు సంగీతం నేర్చుకుంటానన్నా, పురాతన నాణేల మీద పరిశోధన చేస్తానన్నా "దేనికి పనికొస్తుంది" అని ఎవరూ అడగలేదు. పనికొచ్చేదే చదవాలన్న నీతి పేదవాడి కోసం ప్రత్యేకంగా రాసిపెట్టింది. దళితుడికీ మాకూ ఈ నీతిని ఒకే నోటితో బోధిస్తారు: ఐ.టి.ఐ. చేయండి, స్వయం ఉపాధి చూసుకోండి అని. ఐ.టి.ఐ. తక్కువదని కాదు. అదొక్కటే మా కొలతకు సరిపోతుందనుకోవడం మాకు కంటగింపు.

కాబట్టి హక్కు ఉంది. కానీ ఆ హక్కు బిల్లు ఎవరు కడుతున్నారో చూడాలి. పిల్లాడు పడిన కష్టం గురించే అందరూ రాస్తారు. నిజానికి కట్టేది షెడ్డులో స్పానరు పట్టుకున్న వాళ్ల అన్న. తమ్ముడు ఎక్కడో బెర్లిన్‌లోనో సింగపూర్‌లోనో సమీకరణాలతో కుస్తీ పడుతుంటే, అమ్మీ ఆసుపత్రి ఖర్చు, ఇంటి కిరాయి అన్న మోస్తాడు. వాడు లెక్కల్లో తమ్ముడి కంటే తక్కువవాడని రుజువేమిటి? వాణ్ణి ఎనిమిదో తరగతిలోనే మాన్పించారు కాబట్టి తేలే అవకాశమే లేకపోయింది. ఇక చెల్లెలి సంగతి వేరే చెప్పాలి. ఇద్దరికంటే లెక్కల్లో చురుకైనది ఆమే అయినా, ఇంటరు కాలేజీ దూరమని, రోజులు బాగాలేవని, సంబంధం వచ్చిందని ఆపేస్తాం. బయటివాళ్లు చేసిన అన్యాయాల మీద మేం చాలా రాశాం, ఇంకా రాస్తాం. ఇది మాత్రం ఎవరో వచ్చి చేసింది కాదు. ఒక సైంటిస్టు వెనక ఇద్దరు తోబుట్టువులు ఆగిపోతే, వాణ్ణి చూపించి ఖౌము ఎదిగిందనడం మాకు నోరు రాదు.

రెండో ప్రశ్న ఇంకా చిక్కు. దానికి పాత కథ ఒకటి చెప్పాలి.

ఈ నేల మీద క్వాంటం సిద్ధాంతం చదివిన తొలితరం మనుషుల్లో మహమ్మద్ రజీయుద్దీన్ సిద్దీఖీ ఒకరు. హైదరాబాదువారు. ఉస్మానియాలో చదివి కేంబ్రిడ్జి వెళ్లారు, అక్కణ్ణుంచి జర్మనీ. లైప్‌జిగ్‌లో ఆయన పరిశోధన చేసిన కాలానికి అక్కడ సిద్ధాంత భౌతిక శాస్త్ర ఆచార్యుడు హైసెన్‌బర్గే. క్వాంటం మెకానిక్స్ పుట్టి ఐదారేళ్లు కూడా కాలేదు. తిరిగొచ్చి ఉస్మానియాలో గణితం బోధించారు. క్వాంటం మెకానిక్స్ మీద ఆయన ఉపన్యాసాలు హైదరాబాదు నుంచే పుస్తకంగా వచ్చాయి. అప్పట్లో ఆ విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలో. 1917లో అనువాద శాఖ పెట్టి, భౌతిక, రసాయన, వైద్య శాస్త్రాలకు మాటలు పుట్టించి, పాఠ్య పుస్తకాలు తయారుచేశారు. భారతీయ భాషలో ఆధునిక విజ్ఞానం చెప్పడం సాధ్యమా అని ఇవాళ సెమినార్లు పెట్టేవాళ్లు ఒకసారి ఆ అలమరాలు తెరిచి చూస్తే బాగుంటుంది.

ఇది చెప్పుకుని మురిసిపోవడం తేలిక. కానీ అది ఎవరి భాష? నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్లకు ఉర్దూ రాజు మాట. మాలోనైనా ఎందరికి అందింది? దూదేకుల సాయిబుకు, కసాయి ఇంటికి, ఊరి చివర ఫకీరుకు ఆ ఫారసీ అరబ్బీ మాటల ఉర్దూ ఇంగ్లీషంత దూరం. వాళ్లు ఇంట్లో మాట్లాడింది దక్కనీయో తెలుగో, బజారులో తెలుగు. ఉస్మానియా చదువు నవాబుల పిల్లలదీ, నౌకరీదారుల పిల్లలదీ. మా తాతలు చాలామంది ఆ గేటు చూసి ఉండరు. అందుకే సిద్దీఖీ మావారు అనేటప్పుడు మా గొంతు కొంచెం తడబడుతుంది. మావారే. కానీ మా అందరివారూ కాదు.

1948 సెప్టెంబరు వచ్చింది. అప్పట్లో జహీరాబాదు బీదరు జిల్లాలో ఉండేది, 1956లో మెదక్‌కు కలిపారు. పోలీసు చర్య తర్వాత జరిగిన ఘోరాల మీద సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదికలో, నష్టం అన్నిటికన్నా ఎక్కువగా జరిగిన నాలుగు జిల్లాల్లో బీదరు ఒకటి. ఆ నివేదిక జనం కంటబడటానికి 2013 దాకా పట్టింది. అంతకుముందు రజాకార్లు ఊళ్ల మీద పడి చేసినవీ మేం దాచిపెట్టం. ఈ రెంటి మధ్య నలిగింది నిజాం కాదు, జాగీర్దార్లు అంతకంటే కాదు. సిద్దీఖీ 1950లో పాకిస్తాన్ వెళ్లిపోయారు. అక్కడ పెషావరు, సింధు విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలరయ్యారు, ఇస్లామాబాదు విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలరూ ఆయనే. 1998లో చనిపోయారు.

వెళ్లడం తప్పా? పారిపోయాడనే అధికారం, ద్రోహి అనే అధికారం మాకు లేవు. ఉండిపోయినవాళ్లదే ధర్మం అని మెడలో పతకం వేసుకోవడమూ మాకు ఇష్టం లేదు. ఉండిపోయిన చాలామంది వెళ్లే దారిఖర్చు లేక ఉండిపోయారు. అడగాల్సింది ఇంకోటి ఉంది. ఒక మనిషి పోతే అతని కుర్చీ ఖాళీ అవుతుంది, ఇంకొకరొచ్చి కూర్చుంటారు. ఉస్మానియాలో బోధనా భాష ఇంగ్లీషుకు మారినప్పుడు పోయింది కుర్చీ కాదు, నిచ్చెన. ఇవాళ ఉర్దూ మీడియంలో పది పాసయిన పిల్లాడు ఒక్కసారిగా ఇంగ్లీషు ఫిజిక్సు ముందు నిలబడతాడు. 'రఫ్తార్' అని చదువుకున్నది 'వెలాసిటీ' అవుతుంది. విషయం రాక కాదు, మాట రాక వెనకబడతాడు. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాదిగ పిల్లాడూ ఇదే గోడకు తల కొట్టుకుంటాడు. ఇద్దరూ పక్కపక్కనే కొట్టుకుంటున్నారని ఇద్దరికీ తెలియకపోవడం మాత్రం మన రాజకీయాల గొప్పతనం.

మా పిల్లాడు, మావాడు అని మేం ఎగబడటంలో ఉన్న ప్రమాదానికి సలాం జీవితం చాలు. 1979లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన అహ్మదీయ. పాకిస్తాన్ 1974లోనే అహ్మదీయులు ముస్లింలు కారని రాజ్యాంగంలో రాసుకుంది. 1996లో చనిపోయాక రబ్వాలో సమాధి చేశారు. తొలి ముస్లిం నోబెల్ గ్రహీత అని రాసిన రాతి మీద 'ముస్లిం' అన్న మాటను చెరిపేశారు. మతసిద్ధాంతాల చర్చ మా పని కాదు, దాని జోలికి పోం. మాకు కనబడేది ఇది: ఒక మనిషిని 'మావాడు' అనే హక్కు ఖౌముకు ఇచ్చామా, 'మావాడు కాదు' అనే హక్కూ దానికే ఇచ్చినట్టు. ఆ సలామే 1981లో కలకత్తా వచ్చి, లాహోరులో తనకు లెక్కలు చెప్పిన అనిలేంద్ర గంగూలీ అనే ముసలి మాస్టారు ఇంటికి వెళ్లి తన పతకం చూపించారు. దేశం, మతం, సరిహద్దు అన్నీ దాటి ఆ పతకం ఎవరిదో ఆయన తేల్చుకున్న తీరు అది.

దేశంవాళ్లూ ఎగబడతారు. కలాం పేరు చెప్పి మమ్మల్ని మందలించేవాళ్లు ఎంతమందో. మీరంతా అలా ఉండొచ్చు కదా అంటారు. రామేశ్వరం నుంచి రాష్ట్రపతి భవనం దాకా వెళ్లిన ఆ మనిషి మీద మాకు ప్రేమ ఉంది. కానీ హిందువుల పిల్లలందరూ సి.వి. రామన్‌లా ఎందుకు లేరని ఎవరైనా ఎవర్నైనా అడిగారా? సగటుగా ఉండటం కూడా ఒక హక్కు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్రానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద సన్యాసి. కాషాయమూ ఎక్స్‌రే కొలతలూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయని ఎవరూ నిలదీయలేదు, నిలదీయక్కర్లేదు. గడ్డం పెంచుకుని ఐదు పూటలా నమాజు చేసే క్వాంటం శాస్త్రవేత్తనూ అలాగే వదిలేస్తారా అన్నదే మా అనుమానం.

ఎందుకంటే ఈ శాస్త్రం ఇప్పుడు రహస్యాల చుట్టూ తిరుగుతోంది. 2022లో డీ.ఆర్.డీ.ఓ., ఢిల్లీ ఐ.ఐ.టి. కలిసి ప్రయాగ్‌రాజ్‌కీ వింధ్యాచల్‌కీ మధ్య నూరు కిలోమీటర్ల పైన క్వాంటం తాళంచెవిని పంపి చూపించారు. హైదరాబాదుకీ మా ఊరికీ ఉన్నంత దూరం. దీని మూలం 1984లో బెనెట్, బ్రసార్డ్ చెప్పిన పద్ధతి. కాంతి కణాలను ఒక్కొక్కటిగా పంపుతారు. పంపేవాళ్లు ప్రతి కణాన్నీ రెండు తీరుల్లో ఏదో ఒక తీరులో సిద్ధం చేస్తారు, అందుకునేవాళ్లు తమకు తోచిన తీరులో కొలుస్తారు. తర్వాత ఏ కణానికి ఏ తీరు వాడామో ఇద్దరూ బహిరంగంగా చెప్పుకుని, కలవని సగం పారేస్తారు. మిగిలినవాటిలో కొన్నిటిని పోల్చి చూస్తారు. మధ్యలో ఎవడైనా ప్రతి కణాన్నీ పట్టి కొలిచి మళ్లీ పంపి ఉంటే పోల్చినవాటిలో నాలుగో వంతు తప్పుతాయి. తప్పులు సుమారు 11 శాతం దాటితే ఆ తాళంచెవి పనికిరాదు.

శాస్త్రం నుంచి నీతి పిండటం మాకు అంతగా నచ్చదు. మైనారిటీ మనిషి ఎలక్ట్రానులా ఒకేసారి రెండు స్థితుల్లో ఉంటాడని రాయడం సులువు. ఎలక్ట్రానుకు ప్రశ్న అడిగితే అవమానం జరగదు, మాకు జరుగుతుంది, కాబట్టి ఆ పోలిక కుదరదు. అయితే పై పద్ధతిలో ఒక సంగతి మమ్మల్ని ఆపింది. అక్కడా అనుమానమే పునాది. తీగలో లోపం వల్ల వచ్చిన తప్పును కూడా దొంగ ఖాతాలోనే వేసి లెక్కకడతారు. అయినా ఆ అనుమానానికి ఒక అంకె ఉంది, ఒక హద్దు ఉంది. పరీక్షకు ఇద్దరూ సమానంగా తమ చేతులు విప్పి చూపాలి. హద్దు దాటితే పారేసేది తాళంచెవిని, మనిషిని కాదు. మా మీది అనుమానం ఎంత శాతం దాటాక మొదలవుతుందో, ఎంతకు తగ్గితే పోతుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఈ పద్ధతికి ఒక లోటు ఉందని శాస్త్రవేత్తలే చెబుతారు. అవతల మాట్లాడుతున్నది నిజంగా మనవాడేనా అన్నది క్వాంటం తేల్చలేదు. అది ముందే వేరే దారిలో తేలి ఉండాలి. మా ఊరికి ముప్పై కిలోమీటర్ల అటూ ఇటూగా ఉన్న బీదరులో మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా సగం కూలి ఇంకా నిలబడి ఉంది. గణితం, ఖగోళం కూడా చెప్పిన బడి, వేల గ్రంథాలున్న బడి. ఇరాన్ నుంచి వచ్చి బహమనీ రాజ్యానికి వజీరైన మనిషి ఆయన. దర్బారులో గిట్టనివాళ్లు ఒక ఖాళీ కాగితం మీద ఆయన ముద్ర వేయించి, ఒడిశా రాజును దండెత్తి రమ్మన్నట్టు ఉత్తరం రాసి సుల్తాను ముందు పెట్టారు. సుల్తాను విచారణ లేకుండా 1481లో ఆయన తల తీయించాడు. అనుమానించినవాడూ ముస్లిమే, చచ్చినవాడూ ముస్లిమే. ఒకడు ఇక్కడివాడు, ఒకడు బయటివాడు అన్నదే అక్కడ తేడా. ముద్ర నిజమైనదే. ఉత్తరమే అబద్ధం.

మా పిల్లాడు ఎవరివాడన్న ప్రశ్నకు మేం వెతికిన జవాబుల్లో కాస్త నిలబడినది గంగూలీ మాస్టారి గడప దగ్గర కనిపించింది. వాడు ముందు తనకు చెప్పినవాళ్లవాడు. ఆ తర్వాత తన కోసం ఆగిపోయినవాళ్లవాడు. ఖౌమూ దేశమూ ఆ రెంటి తర్వాత వరుసలో నిలబడాలి, వాడు పైకొచ్చిన రోజున పూలదండతో కాదు, పదో తరగతి పాసయిన రోజున డబ్బుతో. ఇక్కడ ఖౌము చేతిలో ఉన్నది ఏదైనా ఉంటే జకాత్. దానితో మదర్సాలు నడుస్తాయి, పేదింటి పెళ్లిళ్లు అవుతాయి. దీనీ ఇల్మ్‌కు ఇవ్వొచ్చు గానీ ఫిజిక్సుకు చెల్లుతుందా అని అడిగే పెద్దలున్నారు. పేద విద్యార్థికి ఇవ్వడంలో అభ్యంతరం లేదనే ఆలింలూ ఉన్నారు. జహీరాబాదు మసీదుల్లో ఈ చర్చ జరగాలి. పిల్లాడి ఫీజు ఒక్కటే కాదు, షెడ్డులో ఆగిన అన్న పోగొట్టుకున్న చదువూ, ఇంటరు కాలేజీకి చెల్లెలు ఎక్కాల్సిన బస్సు పాసూ అందులో పద్దులుగా రాయాలి. వచ్చే రంజానుకు లెక్కలు వేసేటప్పుడు ఆ కాగితం మాకూ ఒకటి పంపండి.